చిటికెడు పొగాకు... గంపెడు లెక్కలు!

మీకు తెలుసా? పొగలేని పొగాకులో నికోటిన్ ఎంతుందో తేల్చడానికి దాన్ని మంటలో పెడతారు! చాలా ప్రయోగశాలల్లో గ్యాస్ క్రొమటోగ్రాఫ్ అనే యంత్రం ఉంటుంది. సన్నని గొట్టంలో నికోటిన్‌ను మిగతా రసాయనాల నుంచి విడదీస్తుంది. గొట్టం చివర చిన్న హైడ్రోజన్ మంట. అందులో నికోటిన్ కాలినప్పుడు పుట్టే విద్యుత్తును బట్టి లెక్క వస్తుంది. ఖైనీ వేసేవాడు ఏనాడూ వెలిగించని పొగాకుకు నిప్పంటించేది శాస్త్రవేత్తే!

వంకాయలో కూడా నికోటిన్ ఉంటుందని తెలుసా? అమెరికా పరిశోధకులు 1993లో కొలిచి చూశారు. గ్రాము వంకాయలో ఉన్నది ఒక మైక్రోగ్రాములో పదోవంతు. అదే నమిలే పొగాకు ఒక్క గ్రాములో 10 మిల్లీగ్రాములు ఉండటం మామూలు సంగతి. అంత నికోటిన్ వంకాయల నుంచి రావాలంటే ఎన్ని తినాలో లెక్కేయండి. 100 కిలోలు! గుత్తివంకాయ ప్రియులు నిశ్చింతగా ఇంకో ముద్ద కలుపుకోవచ్చు.

నికోటిన్‌కు ఆ పేరు ఎవరి వల్ల వచ్చిందో తెలుసా? జీన్ నికో అనే ఫ్రాన్స్ రాయబారి వల్ల. 1560లో లిస్బన్ నుంచి తమ రాజమాత కేథరిన్ దె మెడిసికి తలనొప్పి మందంటూ పొగాకు పంపించాడు. పాపం, ఆయన పెద్ద ఫ్రెంచి నిఘంటువు కూడా కూర్చాడు. లోకం ఆ గ్రంథాన్ని మరిచిపోయింది, తలనొప్పిని గుర్తుపెట్టుకుంది!

స్వచ్ఛమైన నికోటిన్ ఎలా ఉంటుందో ఊహించగలరా? ఆకుపచ్చ పొడి? నల్లటి జిగురు? రెండూ కాదు. రంగులేని నూనెలాంటి ద్రవం. గాలి తగిలితే గోధుమ రంగుకు తిరుగుతుంది. 1828లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో పోసెల్ట్, రైమన్ అనే ఇద్దరు దీన్ని మొదటిసారి పొగాకు నుంచి విడదీశారు. నికో రాయబారం నడిపిన 268 ఏళ్లకు!

ఇప్పుడు ఓ హత్య కథ. మనిషి శరీరంలో నికోటిన్‌ను మొట్టమొదట పట్టుకున్నది ఏ ఆసుపత్రిలోనో కాదు, ఓ నేర పరిశోధనలో అని మీకు తెలుసా? 1850 నవంబరు, బెల్జియం. బొకార్మే అనే జమీందారు తన కోటలో భార్య తమ్ముడికి విందు ఇచ్చాడు. విందు ముగిసేసరికి ఆ తమ్ముడు శవమై ఉన్నాడు. బావ బతుకు కోరేవాడు బావమరిది అని మన సామెత. ఈ బావ మాత్రం బావమరిది ఆస్తి కోరాడు!

జమీందారు ముందే మారుపేరుతో వెళ్లి రసాయన శాస్త్రం తెలుసుకున్నాడు. పొగాకు ఆకుల నుంచి నికోటిన్ తీయడం నేర్చాడు. తీశాడు. దాన్ని బావమరిది నోట్లో బలవంతంగా పోశాడు. ఆపైన వెనిగర్ కూడా పోయించాడు. ఎందుకో తెలుసా? ఆమ్లం తగిలితే నికోటిన్ ఉప్పుగా మారి, ఘాటు వాసన అణగిపోతుంది. నేరస్తుడి చేతిలోనూ కెమిస్ట్రీయే!

శవం లోపలి భాగాలు జీన్ స్టాస్ అనే రసాయన శాస్త్రవేత్త దగ్గరికి చేరాయి. ఆయన ఏం చేశాడు? వెనిగర్‌కు విరుగుడుగా క్షారం కలిపాడు. నికోటిన్ ఉప్పు బంధం తెంచుకుని బయటపడింది. దాన్ని ఈథర్‌లోకి లాగాడు. ఈథర్ ఆవిరైంది, నికోటిన్ నిలిచింది. 1851లో జమీందారు తల గిలెటిన్ కింద తెగింది. మనిషి కణజాలంలో మొక్క విషాన్ని పట్టుకోవడం ప్రపంచంలో అదే మొదలు!

మరి అసలు విశేషం తెలుసా? ఖైనీ పొట్లంలో నికోటిన్ కొలిచేవాళ్లు నేటికీ అదే దారిలో నడుస్తున్నారు. పొగాకుకు సోడియం హైడ్రాక్సైడ్ అనే గాఢ క్షారం కలుపుతారు, నికోటిన్‌ను ద్రావకంలోకి లాగుతారు, యంత్రానికి ఇస్తారు. 170 ఏళ్లు దాటినా హంతకుణ్ని పట్టిన ఉపాయమే పొట్లాన్నీ పట్టిస్తోంది!

గుర్తుంచుకోండి, నికోటిన్ రెండు వేషాల్లో ఉంటుంది. ఒకటి ఆమ్లంతో ముడిపడి ఉన్న కట్టు నికోటిన్. ఇది నోటి పొరను దాటడానికి నానా తంటాలు పడుతుంది. రెండోది విడి నికోటిన్. ఇది చర్రున దాటి నెత్తురులో కలుస్తుంది. పొట్లంలో నికోటిన్ అంతే ఉంటుంది, మనిషికి ఎక్కేది మాత్రం అంతే ఉండదు!

ఏ వేషం ఎంతో తేల్చేది ఎవరో తెలుసా? పీహెచ్. అంటే ఆమ్లమా, క్షారమా అని చెప్పే కొలత. ఇది పుట్టింది ఎక్కడనుకుంటున్నారు? బీరు కంపెనీలో! 1909లో సోరెన్‌సెన్ అనే శాస్త్రవేత్త కార్ల్స్‌బర్గ్ బీరు సంస్థ ప్రయోగశాలలో దీన్ని రూపొందించాడు. ఆ ప్రయోగశాల ఉన్న ఊరు కోపెన్‌హాగన్. అమెరికాలో 1822 నుంచి అమ్ముడవుతున్న తడి పొగాకు బ్రాండు పేరేమిటో తెలుసా? కోపెన్‌హాగన్! పొగాకును కొలిచే కొలత, కొలవాల్సిన పొగాకు, రెండూ ఒకే ఊరి పేరు చెప్పుకుంటున్నాయి!

ఇక ఈ అంకెలు చూసి గుండె దిటవు చేసుకోండి. పీహెచ్ 6 అయితే మొత్తం నికోటిన్‌లో విడిగా ఉండేది దాదాపు 1 శాతం. 7 అయితే సుమారు 9 శాతం. 8 అయితే సగం. 9 అయితే 90 శాతం! పీహెచ్ మూడు మెట్లు ఎక్కితే విడి నికోటిన్ 95 రెట్లు ఎక్కుతుంది. పొగాకు మాత్రం ఒక్క పిసరు కూడా పెంచలేదు సుమా!

నమ్మకం కలగలేదా? అమెరికాలో బాగా అమ్ముడుపోయే 40 రకాల తడి పొగాకును అక్కడి ప్రభుత్వ శాస్త్రవేత్తలు పరీక్షించి 2008లో ఫలితాలు అచ్చువేశారు. మొత్తం నికోటిన్ గ్రాముకు 4.4 మిల్లీగ్రాముల నుంచి 25 దాకా ఉంది. అంటే ఆరు రెట్ల లోపు తేడా. విడి నికోటిన్ మాత్రం 0.01 నుంచి 7.81 దాకా! తేడా 500 రెట్ల పైనే. మొత్తం ఒక్కటే చూసి ఊరుకున్నవాళ్లు ఈ 500ను ఎలా పట్టుకుంటారు?

ఇప్పుడు మన ఊరి సంగతి. అరచేతిలో పొగాకు వేసి, సున్నం రాసి, బొటనవేలితో నలిపేవాళ్లను చూశారుగా? ఆ నలుపుడులో ఏం జరుగుతోందో తెలుసా? స్టాస్ గారి ప్రయోగం! మామూలు పొగాకు కాస్త ఆమ్లంవైపే ఉంటుంది. సున్నం నీటి తేట పీహెచ్ 12 పైన. సున్నం తగలగానే కట్టు నికోటిన్ విడివడుతుంది. రోజూ ఎన్ని లక్షల అరచేతులు ఇలా ప్రయోగశాలలవుతున్నాయో!

మీకు తెలుసా? మన దేశంలో అందరికంటే ఎక్కువమంది వాడే పొగాకు సిగరెట్టు కాదు, బీడీ కాదు, ఖైనీ! 2016–17 జాతీయ సర్వే ప్రకారం పెద్దవాళ్లలో 11.2 శాతం మంది ఖైనీ వాడుతున్నారు. పొగలేని పొగాకు అన్ని రకాలూ కలిపితే 21.4 శాతం. మనుషుల్లో చెప్పాలంటే సుమారు 20 కోట్లు. పొగ తాగేవాళ్లు 10.7 శాతమే. పొగ రాకపోవడంతో ఈ 20 కోట్లమంది మన కంటికి ఆనలేదు!

ప్రపంచంలో క్షారం ఘాటు ఎక్కువున్న పొగాకుల్లో ఒకటి మంచుదేశంలో ఉందని తెలుసా? అలాస్కాలో యూపిక్ తెగవాళ్లు వాడే ఇక్మిక్. బర్చ్ చెట్టు మీద పెరిగే ఒక రకం శిలీంధ్రాన్ని కాల్చి, ఆ బూడిదను పొగాకులో కలుపుతారు. పీహెచ్ 11 దగ్గరికి చేరుతుంది. 11 దగ్గర విడి నికోటిన్ ఎంత? 99.9 శాతం! మనది సున్నం, వాళ్లది బూడిద. రెండు ఖండాలు ఒకరికొకరు తెలియకుండానే ఒకే సూత్రం కనిపెట్టాయి!

మరి నికోటిన్ మొత్తంలో రికార్డు ఎవరిది? సూడాన్ దేశపు తూంబక్‌ను ముందు వరుసలో నిలబెట్టాలి. దాన్ని నికోటియానా రస్టికా అనే ఘాటు జాతి ఆకుతో చేస్తారు. నాట్రాన్ అనే సహజ సోడా కలుపుతారు. కొన్ని నమూనాల్లో గ్రాముకు 100 మిల్లీగ్రాముల నికోటిన్ కొలిచారు. అంటే పదోవంతు బరువు నికోటిన్‌దే! ఈ రస్టికా జాతిని మన ఉత్తర భారతంలోనూ నమిలే పొగాకు కోసం, హుక్కా కోసం పండిస్తారు.

సిగరెట్టు పెద్దదా, నోట్లో పెట్టుకునే పొగాకు పెద్దదా? 1988లో అమెరికా వైద్యుల బృందం కొలిచింది. ఒక సిగరెట్టు నుంచి ఒంటికి ఎక్కిన నికోటిన్ సగటున 1.8 మిల్లీగ్రాములు. అరగంట బుగ్గన పెట్టుకున్న తడి పొగాకు నుంచి 3.6. సరిగ్గా రెట్టింపు! ‘నేను సిగరెట్టు ముట్టను, ఊరికే నోట్లో వేసుకుంటాను’ అనే బంధువు మీ ఇంట్లో ఉంటే ఈ పేరా చదివి వినిపించండి.

పొగాకు మానిపించే నికోటిన్ చూయింగ్ గమ్ ఎవరి పుణ్యమో తెలుసా? జలాంతర్గామి నావికులది! లోపల సిగరెట్టు వెలిగించే వీల్లేక స్వీడన్ నావికులు పొగాకు నములుతూ ఉండటం వైద్యుల కంటపడింది. ఆ ఆలోచనే ఓవె ఫెర్నో అనే శాస్త్రవేత్త చేతిలో గమ్ అయింది. అందులో కూడా ఏం కలిపారో చెప్పగలరా? పీహెచ్ పెంచే సోడా! మళ్లీ అదే కిటుకు, ఈసారి మంచి పనికి.

ఆ గమ్ నమిలే ముందు కాఫీ, కూల్‌డ్రింకు తాగొద్దంటారు. ఎందుకో ఇప్పుడు మీరే చెప్పేస్తారు. అవును, వాటిలో ఆమ్లం ఉంటుంది. నికోటిన్ మళ్లీ కట్టులో పడిపోతుంది. బొకార్మే వెనిగర్, మీ ఫిల్టర్ కాఫీ... ఆమ్లాలు రెండూ ఒకే తానులో ముక్కలు!

ఇక కొలతల తిరకాసులు చూద్దాం. తడి పొగాకులో సగం వరకు నీళ్లే ఉంటాయని తెలుసా? పాలలో నీళ్లు పోస్తే వెన్నశాతం పడిపోయినట్టు, పొగాకు తడిసిన కొద్దీ గ్రాముకు నికోటిన్ అంకె పడిపోతుంది. ఎండబెట్టిన గ్రాముకు 20 మిల్లీగ్రాములున్న సరుకు, సగం నీటితో తూస్తే 10 అని చూపిస్తుంది. రెండూ నిజమే! అందుకే ఏ బరువుకు లెక్కగట్టారో రాయని నివేదికను నేనైతే పక్కన పెట్టేస్తాను.

అందుకే అమెరికా పద్ధతిలో పొగాకును ముందు ఓవెన్‌లో పెడతారు. సుమారు 99 డిగ్రీలు, 3 గంటలు. ముందూ వెనకా తూచి తడి ఎంతో తేలుస్తారు. పొగాకుకు ఆవిరి స్నానం!

పీహెచ్ కొలవాలంటే పొగాకును నీళ్లలో వేసి కలియబెట్టి చూస్తారు. అదీ ఒక్కసారి కాదు, కొన్ని నిమిషాల తేడాతో మళ్లీ మళ్లీ. తడి, నికోటిన్, పీహెచ్ మూడూ చేతికొస్తే విడి నికోటిన్ ఎంతో లెక్కకట్టి చెప్పేయొచ్చు. విడి నికోటిన్‌ను ఈ పద్ధతిలో ఎవరూ కొలవరు, కాగితం మీద గణితంతో పట్టేస్తారు. లెక్కల మాస్టార్లకు జై!

మీకు తెలుసా? అమెరికా 1986లోనే పొగలేని పొగాకు కంపెనీలన్నీ ఏటా నికోటిన్ లెక్క ప్రభుత్వానికి చెప్పాలని చట్టం చేసింది. బాగుంది. మరి అందరూ ఒకే రకంగా ఎలా కొలవాలో చెప్పే పద్ధతి ఎప్పుడు ఖరారైంది? 1999లో! 13 ఏళ్లు. ప్రశ్నపత్రం ముందొచ్చింది, మార్కులు వేసే విధానం పదమూడేళ్లకు వచ్చింది!

ఆ చట్టం మీద అధ్యక్షుడు రీగన్ సంతకం పడింది 1986 ఫిబ్రవరి 27న. ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు ఒప్పందం అమల్లోకి వచ్చింది 2005 ఫిబ్రవరి 27న. పందొమ్మిదేళ్ల తేడాతో అదే తేదీ! జ్యోతిష్యులు ఏమంటారో మరి.

ఇంకో విచిత్రం. ఆ చట్టం చేసిన అమెరికా సెనేట్ సభలో ఇప్పటికీ రెండు ముక్కుపొడి డబ్బాలున్నాయని తెలుసా? పాతకాలపు సంప్రదాయంగా అలాగే ఉంచేశారు. బ్రిటన్ పార్లమెంటులోనూ ద్వారపాలకుడి దగ్గర సభ్యుల కోసం ముక్కుపొడి డబ్బా ఉంటుంది. సభలో తుమ్ములకు కొదవ లేదు!

అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2012లో పొగాకు, దాని పొగల్లోని హానికర రసాయనాల జాబితా ప్రకటించింది. మొత్తం 93! అందులో పొగలేని పొగాకు కంపెనీలు ముందుగా నివేదించాల్సినవి 9. నికోటిన్ దగ్గర ఏం రాశారో తెలుసా? ‘మొత్తం’, ‘విడి’ రెండూ చెప్పాలని. ఆ ఒక్క మాట చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. ఏ దేశంలోనైనా ప్రభుత్వం చేతికి ఈ రెండు అంకెలూ జంటగానే చేరాలి.

ఇప్పుడు మన చట్టం. 2003 నాటి పొగాకు చట్టం, ఏడో సెక్షన్ తెరవండి. సిగరెట్టే కాదు, ఇతర పొగాకు ఉత్పత్తుల ప్యాకెట్ మీద కూడా నికోటిన్, తారు ఎంతున్నాయో రాయాలంటుంది. ఆగండి! తారు అంటే ఏమిటి? పొగలోంచి పట్టే మడ్డి. మరి ఖైనీకి పొగెక్కడిది? మండని పొగాకులో తారు సున్నా!

మరి ప్యాకెట్ మీద అంకె వేయడం మంచిదేనా? ప్రపంచ ఒప్పందం మార్గదర్శకాలు ఏమంటున్నాయో వింటే ఆశ్చర్యపోతారు. వద్దంటున్నాయి! కొలవండి, ప్రభుత్వానికి చెప్పండి, కానీ ఓ బ్రాండు ఇంకోదానికన్నా మేలనిపించే అంకెలు ప్యాకెట్ మీద వేయొద్దు అని. తక్కువ అంకె చూసి ‘ఇది ఆరోగ్యానికి మంచిది’ అనుకునే ప్రమాదం ఉందట. 500 రెట్ల కథ చదివారు కదా, ఆ భయం నిజమేనని మీకే తెలుస్తుంది.

గుట్కా ఆహారమా, పొగాకా? 2004లో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన ప్రశ్న ఇది. ఆహారమే అంది! ఆ మాట తర్వాత ఎంత పని చేసిందో చూడండి. 2011 ఆహార భద్రతా నిబంధనలు ఏ ఆహారంలోనూ పొగాకు గానీ, నికోటిన్ గానీ ఉండకూడదన్నాయి. 2012లో మధ్యప్రదేశ్ మొదట గుట్కాను నిషేధించింది. మిగతా రాష్ట్రాలు వరుసకట్టాయి. తెలంగాణ 2024 మే 24న ఏడాదిపాటు నిషేధం ప్రకటించిందీ ఈ ఆహార చట్టం కిందనే!

స్వీడన్ చూడండి. వాళ్ల స్నూస్ అనే తడి పొగాకును 1971లో వాళ్లూ ఆహార చట్టం కిందికే తెచ్చారు. తెచ్చి ఏం చేశారు? నిషేధించలేదు, శుభ్రంగా తయారుచేయమన్నారు! ఒకే తలుపు, లోపల రెండు వేర్వేరు గదులు.

పళ్లపొడిలో కూడా పొగాకు కలిపేవారని తెలుసా? టూత్‌పేస్టుల్లో, పళ్లపొడుల్లో పొగాకు వాడకూడదని కేంద్రం 1992లో నిషేధించాల్సి వచ్చింది. పొద్దున్నే పళ్లు తోముకుంటే నికోటిన్ ఫ్రీ!

అదే 1992లో ఇంకో ముచ్చట. పంటల మీద పేనుబంక చంపడానికి వాడే నికోటిన్ సల్ఫేట్‌ను మన దేశంలో చల్లకుండా ఆపేశారు. పురుగుల మందుగా వద్దన్న పదార్థాన్ని పెదవికీ చిగురుకీ మధ్య దాచుకుంటున్నారు. పురుగే నయం, దానికి చట్టం అండగా ఉంది!

నికోటిన్ చర్మంలోంచి కూడా దూరుతుందని తెలుసా? మంచుకు తడిసిన పచ్చి పొగాకు కోసే కూలీలకు కళ్లు తిరగడం, వాంతులు రావడం ప్రపంచమంతటా చూసిన జబ్బే. దానికి పచ్చి పొగాకు జబ్బు అని పేరు. నోట్లో చిటికెడు కూడా వేయకుండానే మత్తు తలకెక్కుతుంది. ప్రకాశం, గుంటూరు, గోదావరి జిల్లాల పొగాకు చేలల్లో చేసేవాళ్లు చేతి తొడుగులు వేసుకోవాలని గట్టిగా చెప్పాల్సిన విషయమిది.

పొగాకు మీద పరిశోధనకు మన తెలుగు నేలే కేంద్రమని మరిచారా? కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ 1947లో రాజమండ్రిలో పుట్టింది. పొగాకు బోర్డు గుంటూరులో ఉంది. దేశానికి స్వాతంత్ర్యం, రాజమండ్రికి పొగాకు సంస్థ ఒకే ఏడాది!

క్యాన్సర్ తెచ్చేది నికోటిన్ అనుకుంటున్నారా? నికోటిన్ పని మనిషిని కట్టిపడేయడం. క్యాన్సర్ పని చేసేవి వేరే ఉన్నాయి. పొగలేని పొగాకులో క్యాన్సర్ కారకాలు కనీసం 28 ఉన్నట్టు లెక్కతేల్చారు. వాటిలో ముఖ్యమైన నైట్రోసమైన్లు పొగాకులోని నికోటిన్ నుంచి, దాని బంధువుల నుంచే పుడతాయి. కట్టేసేదొకటి, కొట్టేదింకొకటి, ఇద్దరిదీ ఒకే కుటుంబం!

ఇన్ని కొలతలు మన దేశంలో ఎక్కడ చేస్తారంటారా? 2019లో కేంద్రం మూడు జాతీయ పొగాకు పరీక్షా కేంద్రాలు ప్రారంభించింది. నోయిడా, ముంబయి, గువాహటి. నోయిడాది పెద్దన్న. అది ఉన్న సంస్థ అసలు పని క్యాన్సర్ నివారణ పరిశోధన. పొగాకు లెక్క చూసే కళ్లు, క్యాన్సర్ చూసే కళ్లు ఒకే ఇంట్లో ఉండటం ఎంత సబబు!

చివరి ప్రశ్న. ఎవరూ నమలని పొగాకు ప్రపంచంలో ఉందా? ఉంది! ప్రయోగశాలల యంత్రాలు సరిగ్గా చెబుతున్నాయో లేదో చూడటానికే ప్రత్యేకంగా తయారుచేసిన నాలుగు రకాలున్నాయి. స్వీడన్ స్నూస్ ఒకటి, అమెరికా తడి పొగాకు ఒకటి, పొడి పొగాకు ఒకటి, నమిలే ఆకు ఒకటి. పేర్లు సీఆర్‌పీ 1, 2, 3, 4. బ్రాండు లేదు, ప్రకటన లేదు, కిళ్లీ కొట్టు లేదు. నేరుగా యంత్రంలోకే!